పదిహేడు ఒకట్లు

ప్రిస్కిల్లా పేర్చిన వరుసను రాణి లెక్కపెడుతుంది. రాణి పేర్చినదాన్ని ప్రిస్కిల్లా లెక్కపెడుతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, కడియంలో త్రిమూర్తులు గారి నర్సరీలో మాత్రం దానికి తిరుగులేదు. పేర్చినవాళ్ళ కంటికి తాము పేర్చాలనుకున్నది కనిపిస్తుంది తప్ప పేర్చింది కనిపించదు. కొత్తగా చేరిన ఒకావిడ తన వరుసను తనే లెక్కపెట్టుకుని సరిపోయిందంటే, సూరత్ వెళ్ళిన లారీలో నలభై మందారాలు తక్కువయ్యాయి. అది జరిగి ఆరేళ్ళయినా తోటలో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు.

ఆ బుధవారం వాళ్ళ ముందు నూరువరహాల మొక్కలున్నాయి. ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి నింపిన నల్ల కవర్లు, తడిపితే చేతులు లాగేసేంత బరువు. ప్రిస్కిల్లా చేతికి రెండేసి చొప్పున పట్టుకుని, షేడ్‌నెట్ కింద మోకాళ్ళ మీద జరుగుతూ వరుస కడుతోంది. మిగతా ఆడవాళ్ళు వరుసకు పాతికో ముప్ఫయ్యో పెడతారు. ప్రిస్కిల్లా ఒక్కతే ముప్ఫైనాలుగు పెడుతుంది.

"ఇరవై వరుసలు. చివర ఒకటి మిగిలిందక్కా," అంది రాణి నడుం మీద చెయ్యేసుకుని.

"మిగిలితే మంచిదే."

"అందరికీ సరిపోతే మంచిది. నీకు మాత్రం మిగిలితే మంచిది. ఏం లెక్కో ఏంటో!"

ఆ లెక్క సంగతి తోటంతటికీ తెలుసు. ఒకటి పక్కన ఒకటి చొప్పున పదిహేడు ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్య అది. దాన్ని ఏ సంఖ్యతోనైనా శేషం లేకుండా భాగించవచ్చా, లేక అది దేనికీ విరగని సంఖ్యా? అన్ని మొక్కలుంటే వాటిని సమానమైన వరుసలుగా పేర్చగలమా లేదా, అంతే ప్రశ్న. చర్చి వెనక ఉండే జ్ఞానప్రకాశం మాస్టారు, మిషన్ స్కూల్లో ఆవిడకి పదో తరగతి వరకూ లెక్కలు చెప్పినాయన, నాలుగేళ్ళ కిందట ఇచ్చిన లెక్క. ఊరికే పడి భాగించుకుంటూ పోతే జన్మ చాలదని ఆయన ఒక దారి కూడా చూపించారు. దాన్ని విరగ్గొట్టగలిగే మొదటి సంఖ్య ఏదైనా సరే, ముప్ఫైనాలుగు చొప్పున వరుసలు పేరిస్తే చివర ఒకటి మిగలాలి. అలా మిగిలేవాటిని మళ్ళీ ఆయన చెప్పిన జల్లెళ్ళు పట్టి, దక్కినవాటితోనే భాగించాలి. ప్రిస్కిల్లా రోజుకు నాలుగు భాగహారాలు చేస్తుంది. వంట అయ్యాక రెండు, తెల్లారి నీళ్ళ పంపు వచ్చేలోపు రెండు. పద్నాలుగు నోటు పుస్తకాలు నిండాయి. ఇప్పుడు ఇరవై అయిదు లక్షలు దాటి నడుస్తోంది.

త్రిమూర్తులు గారి అమ్మాయి రమ్యశ్రీ ఆ సమయానికి అక్కడే ఉంది. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి మొక్కలకు ఫోటోలు తీస్తోంది.

"ఏం లెక్క ఆంటీ?" అంది.

ప్రిస్కిల్లా సిగ్గుపడింది. రాణి ఊరుకుంటుందా? పుల్ల తీసి చేతికిచ్చింది. ప్రిస్కిల్లా తడిమట్టి మీద పదిహేడు నిలువు గీతలు గీసి, మాస్టారు చెప్పినట్టే చెప్పింది. "దీన్ని ఇంతవరకూ ఎవరూ విరగ్గొట్టలేదటండీ."

రమ్యశ్రీ ఆ గీతల్ని రెండుసార్లు లెక్కపెట్టుకుని ఫోన్లో కొట్టింది. రాణి ఇంకో రెండు కవర్లు జరిపేలోపు తలెత్తింది.

"విరుగుతుంది ఆంటీ. రెండు ముక్కలు. ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడు వందల ఇరవైమూడు ఒకటి. రెండోది పది అంకెలది, పెద్దది. ఇదెప్పుడో మనం పుట్టకముందే కనిపెట్టేశారంట, ఇక్కడుంది."

ప్రిస్కిల్లా మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. చేతుల్లోని రెండు కవర్లనూ కింద పెట్టి, అవి వరుసలో వంకర పోకుండా సర్దింది.

"కాదండీ," అంది. "ఆ నంబరు నేను దాటేశాను. కిందటి జూలైలో. అది పోలేదు."

"ఫోన్ తప్పు చెప్పదు ఆంటీ."

"మాస్టారు టిక్కు పెట్టారండీ దానికి."

రమ్యశ్రీ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేసింది. ఆ రెండు సంఖ్యల్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. ప్రిస్కిల్లా దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆ రోజు మిగతా వరుసలు ఎలా పేర్చిందో ఆవిడకే తెలియదు. రాణి మూడుచోట్ల సరిచేసింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం గిన్నెతో పాటు పదకొండో నోటు పుస్తకం కూడా తెచ్చుకుంది. మోటారు షెడ్డు పక్కన ఖాళీ గోనెసంచి పరుచుకుని కూర్చుంది. రాణి పక్కనే కూర్చుని ఉల్లిపాయ కొరుకుతూ చూస్తోంది.

పేజీ దొరకడం కష్టం కాలేదు. వరుస తప్పితే కదా వెతుక్కోవడానికి! 20,71,723. దాని కింద మెట్లు మెట్లుగా దిగిన భాగహారం. చివర శేషం దగ్గర తన చేత్తో రాసిన అంకె: 10,000. అంచున ఎర్రసిరా టిక్కు.

పదివేలు. అంత చక్కటి శేషం వచ్చినప్పుడైనా తనకు అనుమానం రావద్దా? రాలేదు. అనుమానించడం తన పని కాదు. ప్రిస్కిల్లా పేరుస్తుంది, ప్రతి ఆదివారం మాస్టారు లెక్కపెడతారు. మొదటి ఆదివారమే ఆయన మాటిచ్చారు. "నువ్వు వెనక్కి తిరిగి చూడకమ్మా. తప్పు పడితే పట్టుకోవడానికి నేనున్నాను. నువ్వు ముందుకు పో." ఆ మాట ఆవిడకి సొంత మాటలా వినిపించింది. తోటలో రోజూ చేసేది అదే కదా.

పుస్తకం వెనక అట్ట మీద మళ్ళీ భాగించడం మొదలుపెట్టింది. ఐదు, మూడు, ఆరు, మూడు. అంకెలన్నీ పాత పేజీలో ఉన్నట్టే దిగుతున్నాయి. ఎనిమిదో మెట్టు దగ్గర పెన్సిలు ఆగింది. 73,96,051లోంచి 62,15,169 తీసెయ్యాలి. వందల స్థానంలో సున్నా ఉంది. పక్కనుంచి పది తెచ్చుకుని, అందులోంచి ఒకటి పదుల స్థానానికి ఇచ్చేస్తే తొమ్మిది మిగలాలి. జూలైలో ఆ ఇచ్చినది మరిచిపోయి పదిలోంచే తీసేసింది. ఎనిమిది రావలసినచోట తొమ్మిది రాసింది. మూడో తరగతి పిల్లల తప్పు.

సరిచేసి కిందికి దిగింది. ఆఖరి మెట్టులో పైనా కిందా ఒకే సంఖ్య వచ్చింది. 1,45,02,061. కింద కూడా 1,45,02,061.

"ఏమొచ్చిందక్కా?"

"సున్నా."

"అంటే విరిగిందా?" రాణి ఉల్లిపాయ కింద పడేసింది. "విరిగితే నవ్వవేంటి?"

నవ్వు వచ్చేదే. ఫోనుకి ఎప్పుడో తెలిసినా సరే. మనం పుట్టకముందే ఎవరో కనిపెట్టారన్నది నొప్పే గానీ, ఆ నొప్పి రాత్రికి రాత్రే సగం తగ్గింది. మాస్టారికి మాత్రం ఏం తెలుసు? ఆయనకి వాళ్ళ గురువుగారు చెప్పి ఉంటారు, ఆయన తనకు చెప్పారు. ఎవరు ముందు చేసినా ఈ పద్నాలుగు పుస్తకాల్లో ఉన్నది తన చెయ్యి. అసలు మింగుడు పడనిది వేరే. ఎనిమిది నెలలు. విరిగిపోయిన సంఖ్యని ఇంకా విరగ్గొట్టాలని రోజుకు నాలుగు చొప్పున ఎనిమిది నెలలు చేసింది. ఆ ఆదివారాల కోసమే, వేమగిరి తోటకు సూపర్‌వైజరుగా వెళ్ళమని త్రిమూర్తులు గారు అడిగితే వద్దంది. అక్కడ ఆదివారం కూడా పని ఉంటుంది మరి.

మాస్టారి తనిఖీ ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు, ఆయన నేర్పినదే. సంఖ్యలోని అంకెలన్నీ కూడి ఒక్క అంకె చేస్తారు. భాగించిన సంఖ్యకొకటి, వచ్చిన ఫలితానికొకటి. ఆ రెంటినీ గుణించి, శేషం అంకె కలిపితే అసలు సంఖ్య అంకె రావాలి. రాకపోతే ఎక్కడో తప్పుందన్నమాట. అది ఆయనకి ఊపిరి తీసుకున్నంత పని. మరి ఈ పదివేలు ఎలా దాటిపోయింది?

"డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి," అంది పైకే. "ఒకటి జారిపోయుంటుంది."

"నేనూ ఏడాదికి ఒకటి రెండు వదిలేస్తానక్కా," అంది రాణి.

"అదే కదా."

మిగతా పేజీల్ని తిరగేసి చూడొచ్చు. ఇంకెన్ని జారిపోయాయో తేలిపోతుంది. ప్రిస్కిల్లా చూడలేదు. మాస్టారి టిక్కు మీద మళ్ళీ తను తనిఖీ చెయ్యడమా? అంత మాట మనసులోకి వచ్చినందుకే తప్పు చేసినట్టనిపించి, పుస్తకం మూసి గోనెసంచి కింద పెట్టింది.

శనివారానికి మనసు తేలికపడింది. పద్నాలుగో పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి, ఆ భాగహారాన్ని మళ్ళీ మొదటినుంచి పెద్ద అంకెలతో రాసింది. పేజీ మొత్తానికి అదొక్కటే. చివర సున్నాని రూపాయి బిళ్ళంత చేసి, కింద రెండు గీతలు గీసింది. ఏమీ చెప్పకుండా ఆయన ముందు పెట్టాలి. ఎప్పటిలాగే పెన్ను పట్టుకుని వంగుతారు. చివరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆ మొహం చూడాలి. ఆయన కూడా వయసులో ఉన్నప్పుడు ఈ లెక్క మొదలుపెట్టి మూడు లక్షల దగ్గర వదిలేశారట. "నేను పోయేలోపు ఇది తేలితే చాలమ్మా," అంటారు ప్రతి క్రిస్మస్‌కీ. ఆ మొహం చూస్తే జూలైలో జారిపోయినదాని సంగతి ఇక ఎత్తనే ఎత్తదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారింటి వరండాలోకి వెళ్ళింది. ఆయన కేన్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, తెల్లటి పంచె, లావుపాటి కళ్ళద్దాలు.

"వందనాలు మాస్టారూ."

"రామ్మా, రా. ఈ వారం ఎన్ని?"

"కొంచెమేనండి."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండి. చూడండి ముందు."

ఆయన భార్య సంపూర్ణమ్మ గారు లోపలినుంచి వచ్చారు. ఎప్పటిలాగే పుస్తకం అందుకుని, పేజీ తెరిచి ఆయన మోకాలి మీద పెట్టారు. ఎప్పటిలాగే ఎర్ర పెన్ను మూత తీసి చేతికిచ్చారు. ఆ చెయ్యి పట్టుకుని పేజీ అంచు దాకా తీసుకెళ్ళి వదిలారు. ఎంత ప్రేమో అనుకునేది ప్రిస్కిల్లా ఇన్నాళ్ళూ. భర్త చేతిని అలా పట్టుకునే ఆడవాళ్ళు ఊళ్ళో ఎందరున్నారు?

మాస్టారు వంగారు. కళ్ళద్దాలు పేజీకి ఆనించినంత దగ్గరగా తెచ్చారు. పెదాలు కదులుతున్నాయి. ప్రిస్కిల్లా నవ్వు ఆపుకోవడానికి కొంగు అంచు పళ్ళ మధ్య పెట్టుకుంది.

పెన్ను కదిలింది. టిక్కు పడింది.

"ఊఁ," అన్నారు మాస్టారు. "ఇదీ విరగలేదు. పోనీలేమ్మా, ముందుకు పో."

ప్రిస్కిల్లా నోట్లోంచి కొంగు జారిపోయింది.

"శేషం ఎంత మిగిలిందండీ?"

"ఏంటమ్మా?"

"శేషమండీ. ఎంత మిగిలింది మాస్టారూ?"

పెన్ను గాలిలో ఆగింది. ఆయన మొహం పేజీ వైపు కాకుండా భార్య నిలబడినవైపు తిరిగింది.

"ఈ మధ్య నీ చేతిరాత మరీ సన్నబడిందమ్మా," అన్నారు.

రూపాయి బిళ్ళంత సున్నా. దాని కింద రెండు గీతలు. వాటి పక్కనే తడారని ఎర్ర టిక్కు.

"కాఫీ తెస్తానుండు ప్రిస్కిల్లా," అన్నారు సంపూర్ణమ్మ గారు.

"వద్దండి." ప్రిస్కిల్లా గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎప్పట్నుంచండీ?"

వీధిలో సండే స్కూలు పిల్లలు అరుచుకుంటూ పోయారు. సంపూర్ణమ్మ గారు పెన్ను మూత వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డారు. చివరికి మాస్టారే అన్నారు. "రెండో కంటికి ఆపరేషన్ అయినప్పట్నుంచి. మనుషులు నీడల్లా తెలుస్తారు. అంకెలు తెలీవు."

అది జరిగి రెండేళ్ళు దాటింది. ప్రిస్కిల్లా వంగి పుస్తకం తీసుకుని వెనక్కి తిరగేసింది. ఇప్పుడు కనిపించింది. టిక్కులన్నీ అంచున ఒకే గీత మీద, ఒకదాని కింద ఒకటి, కొలిచి పెట్టినట్టున్నాయి. మొదటి రెండేళ్ళ పుస్తకాల్లో అలా ఉండవు. శేషం ఎక్కడుంటే దాని పక్కనే, వంకరగా, ఒక్కోచోట చిన్న అంకెతో సహా ఉంటాయి. ఇన్ని పేజీలు తిరగేసిన తన కళ్ళు ఏం చేస్తున్నాయి?

"చెబితే నువ్వు రావడం మానేస్తావేమోననిపించిందమ్మా," అన్నారు మాస్టారు. "నన్ను మాస్టారూ అని పుస్తకం పట్టుకుని వచ్చేది నువ్వొక్కదానివే. అయినా నువ్వు తప్పు చెయ్యవని నా నమ్మకం."

"నేను తప్పు చేసినా మీరు పట్టుకుంటారని నా నమ్మకమండీ."

ఆయన తల దించుకున్నారు. ప్రిస్కిల్లాకి ఏడుపు రాలేదు, మండింది. ఇంట్లో దొంగ పడ్డాడని కాదు, కాపలా ఉన్నవాడు రెండేళ్ళుగా నిద్రపోతున్నాడని తెలిసినట్టుంది. అందులో సంపూర్ణమ్మ గారి మీద ఇంకా మండింది. ఆ చెయ్యి పట్టుకుని అంచు దాకా నడిపించింది ఆవిడే.

"నేను చదువుతానండి. మీరు వినండి," అంది. "భాగించిన సంఖ్య రెండు, సున్నా, ఏడు, ఒకటి, ఏడు, రెండు, మూడు."

అలవాటు మనిషిని వదలదు. "నాలుగు," అన్నారు మాస్టారు.

"వచ్చింది ఐదు, మూడు, ఆరు, మూడు, రెండు, రెండు, రెండు, మూడు, ఐదు, ఏడు."

"రెండు. నాలుగు రెళ్ళు ఎనిమిది. శేషం?"

"జూలైలో పదివేలని రాశానండి."

"ఒకటి. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. పదిహేడు ఒకట్లకి రావలసింది ఎనిమిదే." ఆయన గొంతు తగ్గిపోయింది. "తప్పమ్మా. ఎక్కడో తప్పు పడింది."

అరనిమిషం కూడా పట్టలేదు. కళ్ళతో పనే లేదు.

"చూశారా," అంది ప్రిస్కిల్లా. "చదివి వినిపించమ్మా అని ఒక్క మాటంటే, రెండేళ్ళూ చదివి వినిపించేదాన్ని కదండీ."

మాస్టారి చెయ్యి మోకాలి మీద పుస్తకం కోసం తడుముకుంటోంది. పుస్తకం అక్కడ లేదు. ఉన్నట్టుండి ఆయన తలెత్తారు.

"శేషం అది కాకపోతే... అసలు శేషం ఎంత? ఎనిమిదీ ఎనిమిదీ సరిపోయాయి. ప్రిస్కిల్లా! సున్నానా? విరిగిందా అమ్మా?"

కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచారు. నాలుగేళ్ళుగా చూడాలనుకున్న మొహం అదే. అనుకున్నట్టే వెలిగిపోతోంది. ప్రిస్కిల్లా ఆ మొహాన్ని చూసింది. చూసినా ఏమీ అనిపించలేదు. అదే ఆవిడని అన్నిటికన్నా భయపెట్టింది.

"సున్నా అండి," అంది. పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

"వచ్చే ఆదివారం వస్తావుగా? పంతొమ్మిది ఒకట్లు చూద్దాం. ఈసారి చదివి వినిపిద్దువుగాని," అని వెనకనుంచి మాస్టారు పిలుస్తూనే ఉన్నారు. గేటు గడియ పెట్టేటప్పుడు చూస్తే, సంపూర్ణమ్మ గారు ఆయన వేళ్ళ మధ్యనుంచి పెన్ను తీసి మూత పెడుతున్నారు. ఆ పెన్ను కిందటి క్రిస్మస్‌కి ప్రిస్కిల్లా కొనిచ్చినదే.

సోమవారం పొద్దున్న గుజరాత్ లారీ వచ్చింది. ఎండ ముదిరేలోపు ఎక్కించాలి. కాగితంపూల మొక్కలు, వరుసకు పాతిక. ప్రిస్కిల్లా పాతికే పెట్టింది. రాణి ఆ మార్పు గమనించింది. మొత్తం పేర్చడం అయ్యాక రాణి ఎప్పటిలాగే మొదటి వరుస దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మొక్క కొసనీ చూపుడువేలితో తాకుతూ చివరిదాకా లెక్కపెట్టింది.

"నలభై వరుసలు. వెయ్యి. ఒక్కటీ మిగల్లేదక్కా. ఎక్కించమందామా?"

ప్రిస్కిల్లా మొదటి వరుస దగ్గరికి నడిచింది. వంగి, మొదటి మొక్క మీద వేలు పెట్టింది.

"ఏంటక్కా?" రాణి వెనకే వచ్చింది. "నువ్వు పేర్చినదే కదా అది. నువ్వు లెక్కపెట్టకూడదు."

"ఊఁ."

"నేను లెక్కపెట్టాను కదా! నా లెక్క మీద నమ్మకం లేదా నీకు?"

రాణి ఎదురొచ్చి నిలబడింది. ఏడేళ్ళుగా ఇద్దరూ ఒకరి వరుస ఒకరు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదని ప్రిస్కిల్లాకి తెలుసు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మడి అవతల ఆడవాళ్ళు పని ఆపి ఇటే చూస్తున్నారు.

ప్రిస్కిల్లా తలెత్తలేదు. వేలు రెండో మొక్క మీదికి జరిపింది. తర్వాత మూడో దాని మీదికి.